పాత బట్టకు గిరాకీ: విశాఖలో ఎవరు అమ్ముతున్నారు, ఎవరు కొంటున్నారు

విశాఖపట్నంలో పాత బట్టలు రెండు దారుల్లో చేతులు మారుతున్నాయి. మొదటిది ఫోన్‌లో కనిపిస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో థ్రిఫ్ట్ పేజీ, అంటే పాత బట్టలు అమ్మే పేజీ, నడిపే అమ్మాయి ఒక డెనిమ్ కోటు ఫోటో పెట్టి, కింద ఛాతీ కొలత, పొడవు, ధర రాస్తుంది. ముందు మెసేజ్ పెట్టినవాళ్లకే సరుకు. కాసేపట్లో ఫోటో మీద ‘సోల్డ్’ అని పడుతుంది. రెండోది వీధిలో నడుస్తుంది. స్టీలు సామాన్ల బుట్టతో వచ్చే ఆడవాళ్లు ‘పాత బట్టలకు సామాన్లేస్తాం’ అని కేకేస్తూ ఇళ్ల ముందు, అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర ఆగుతారు. ‘సస్టైనబుల్ ఫ్యాషన్’ (పర్యావరణానికి చేటు చేయని ఫ్యాషన్) అనే పేరు మొదటిదానికే దక్కింది. బరువు లెక్కన చూస్తే ఎక్కువ బట్టను మోసేది మాత్రం రెండోదే.

పాత బట్టల వ్యాపారం పెరగడం పర్యావరణానికి మేలని అందరూ తేలిగ్గా అనేస్తున్నారు. అది రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ బట్ట దేనితో నేసింది? అది కొన్నందువల్ల ఒక కొత్త బట్ట కొనడం ఆగిందా? ఈ రెండింటికీ జవాబు లేకుండా ఎన్ని థ్రిఫ్ట్ పేజీలు వెలిశాయో లెక్కపెట్టి ప్రయోజనం లేదు.

సామాన్ల బేరం

సామాన్ల బేరంలో డబ్బు కనిపించదు. నాలుగు ప్యాంట్లు, రెండు చీరలు పెడితే ఒక గిన్నె. ఇంకో చొక్కా వేస్తే దాని మీదకు మూత. గీచిగీచి బేరమాడేదంతా ఆ చివరి చొక్కా గురించే. ప్యాంట్లు, జీన్సు, చిరుగు లేని చీరలు చూడగానే తీసుకుంటారు. బ్లౌజులు, లోపలి బట్టలు, రంగు వెలిసిన నైటీలు పక్కకు నెట్టేస్తారు. పట్టుచీరలు కొనేవాళ్లు వేరే ఉంటారు. వాళ్ల చూపంతా జరీ మీదే. అసలు వెండి జరీ అయితే చీరను కాల్చి వెండి తీస్తారు. ఈమధ్య నేసిన చీరల్లో చాలావాటికి ఉండేది రాగి తీగ మీద పూత వేసిన టెస్టెడ్ జరీ. అందుకే 15 వేలు పోసి కొన్న చీరను చూసి కూడా బేరగాడు పెదవి విరుస్తాడు. పెళ్లినాటి అమ్మమ్మ చీరకు పలికిన ధర మనవరాలి చీరకు పలకదు.

సేకరించడం కన్నా ఏరడంలోనే లాభం ఉంది. తొడుక్కోవడానికి పనికొచ్చేవి ఉతికి, ఊడిన గుండీలు కుట్టి, ఇస్త్రీ చేసి సంతల్లో, రోడ్డు పక్క కుప్పల్లో అమ్ముతారు. కొనేది ఎక్కువగా కూలి పనులవాళ్లు. సిమెంటు పనికి, పెయింటింగ్ పనికి కొత్త చొక్కా ఎవరూ వేసుకోరు. ఢిల్లీ రఘువీర్ నగర్‌లో ఈ వ్యాపారం కోసమే తెల్లవారుజామున ఒక పెద్ద మార్కెట్ నడుస్తుంది. గిన్నెలిచ్చి బట్టలు తెచ్చుకునే వాఘ్రీ కుటుంబాలు తరాలుగా అక్కడ అమ్ముతున్నాయి. ‘సర్క్యులర్ ఎకానమీ’ (వాడినదాన్నే మళ్లీ మళ్లీ వాడకంలోకి తేవడం) అనే మాట సెమినార్లలోకి రాకముందే ఆ పని వీళ్లు చేస్తున్నారు. వీళ్లలో చాలామందికి గుర్తింపు కార్డూ లేదు, సరుకు దాచుకునే గోదామూ లేదు.

తొడగడానికి పనికిరానిదానికీ విశాఖలో గిరాకీ ఉంది. పోర్టు, హిందుస్థాన్ షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్, స్టీల్ ప్లాంట్, రిఫైనరీ, గాజువాక ఆటోనగర్ షెడ్లు, ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లు: ఎక్కడ మిషన్ ఉంటే అక్కడ తుడుపు గుడ్డ కావాలి. హార్డ్‌వేర్ షాపుల్లో ‘బనియన్ వేస్ట్’, ‘కాటన్ వేస్ట్’ అని కిలోల లెక్కన దొరికేది ఇదే. కొంత మిల్లుల్లో కోత ముక్కల నుంచి వస్తుంది, కొంత పాత బట్టల నుంచి వస్తుంది. మెకానిక్ అడిగేది లేత రంగు కాటన్ అల్లిక బట్ట. రంగు వదలదు, చెమ్మా నూనే రెండూ పీలుస్తుంది, వేడి ఇంజిన్‌కు తగిలినా కరిగి అంటుకోదు. పాలిస్టర్ గుడ్డ ఈ పనికి దండగ. గాల్లోంచి కాటన్ తన బరువులో దాదాపు 8 శాతం తేమను పట్టుకుంటే, పాలిస్టర్ పట్టేది 0.4 శాతం.

పాలిస్టర్ వచ్చి గొలుసు తెంపింది

ఈ తేడా ఒక్క మెకానిక్ షెడ్డుతో ఆగదు. ఒకప్పుడు తెలుగిళ్లలో నూలు చీర చీరగా చిరిగిపోయాక కూడా చాలాకాలం బతికేది. మెత్తబడ్డ చీర పసిపిల్లకు ఉయ్యాలయ్యేది. నాలుగైదు చీరలు ఒకదానిమీద ఒకటి పేర్చి కుడితే బొంత. అంచులు చింపితే కట్టుతాళ్లు. చివరికి పొయ్యి దగ్గర మసిగుడ్డ. పుట్టిన బిడ్డకు మొదట పాత బట్టే చుట్టడం ఆచారం. ఆచారం వెనక సంగతి తేలికైనదే: వందసార్లు ఉతికిన నూలు కన్నా మెత్తని బట్ట ఇంట్లో మరొకటి ఉండేది కాదు.

పాలిస్టర్ జార్జెట్ చీరతో వీటిలో ఏదీ కుదరదు. బొంత కుడితే జారిపోతుంది, ఉక్కపోస్తుంది. మసిగుడ్డ చేస్తే నీళ్లను అటూ ఇటూ నెడుతుందే తప్ప పీల్చదు. పొయ్యి దగ్గర పెడితే ప్రమాదం. టెక్స్‌టైల్ ఎక్స్చేంజ్ అనే సంస్థ లెక్కల ప్రకారం 2023లో ప్రపంచంలో తయారైన దారాల్లో 57 శాతం పాలిస్టర్, కాటన్ వాటా 20 శాతం దరిదాపుల్లో ఉంది. మన బీరువాలూ అటే నడుస్తున్నాయి. విశాఖ లాంటి సముద్రపు ఊళ్లో ఏడాదిలో ఎక్కువ నెలలు ఒళ్లంతా చెమటే. అలాంటిచోట పాలిస్టర్ గెలవడానికి కారణం సుఖం కాదు. ధర, ఇస్త్రీ అక్కర్లేకపోవడం.

సగం కాటన్, సగం పాలిస్టర్ కలిపిన బట్ట ఇంకా ఇబ్బంది. దానికి సాగే గుణం కోసం కొంచెం స్పాండెక్స్ కలిపితే, అంటే నేటి జీన్సు, లెగ్గింగ్స్ లాంటివాటిలో, దారాలను మళ్లీ విడదీయడం కష్టం, ఖర్చు ఎక్కువ. పాత బట్టల నుంచి మళ్లీ కొత్త బట్టలుగా మారేది ప్రపంచం మొత్తంమీద ఒక శాతం కన్నా తక్కువని ఎలెన్ మెకార్థర్ ఫౌండేషన్ 2017లో చెప్పింది. ‘రీసైకిల్డ్ పాలిస్టర్’ అని ట్యాగ్ మీద కనిపించేది చాలావరకు నీళ్ల సీసాల నుంచి వచ్చినది. పాత చొక్కాల నుంచి వచ్చిందని కొన్నవాడు అనుకుంటే అది ట్యాగ్ రాసినవాడి చాతుర్యం.

థ్రిఫ్ట్ పేజీ లెక్కలు

ఇక ఫోన్‌లో నడిచే దారి. ఆంధ్ర విశ్వవిద్యాలయం చుట్టుపక్కల, రుషికొండ, మధురవాడ వైపు కాలేజీలు, హాస్టళ్లు, ఐటీ ఆఫీసులు ఉన్నాయి. ఓవర్‌సైజ్ చొక్కా, పాతబడిన జీన్సు, తోలు బెల్టు లాంటివి అడిగే వయసు అక్కడే ఎక్కువ. అమ్మేవాళ్లూ ఆ వయసువాళ్లే. పెట్టుబడి తక్కువ, షాపు అద్దె లేదు, డబ్బు యూపీఐలో వస్తుంది, సరుకు కొరియర్‌లో పోతుంది. చూడ్డానికి ఇంతకన్నా సులువైన వ్యాపారం లేదు.

కష్టమంతా ఒక్కో వస్తువు దగ్గర ఉంది. కొత్త బట్టల వ్యాపారి ఒక ఫోటో తీసి అదే డిజైన్ వెయ్యి అమ్ముతాడు. పాత బట్టల్లో ప్రతిదీ ఒక్కటే పీసు. ఉతకాలి, మరక వదిలించాలి, కొలవాలి, ఫోటో తీయాలి, పది మంది అడిగే ప్రశ్నలకు జవాబివ్వాలి. అదంతా రెండు మూడు వందల రూపాయల చొక్కా కోసం. ఆ గంటల కూలి లెక్కగడితే చాలా పేజీలకు మిగిలేది ఉత్సాహమే. ఊరి గాలి సంగతి సరేసరి. వర్షాకాలంలో మూట కట్టి పెట్టిన బట్టకు బూజు పట్టడానికి, ముక్కవాసన రావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

పన్ను ఇంకో చిక్కు. వాడిన వస్తువులు కొని అమ్మేవాళ్లకు జీఎస్టీలో ఒక వెసులుబాటు ఉంది. కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే పన్ను కడితే చాలు, కాకపోతే కొనుగోలు మీద ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకు మినహాయింపు, తీసుకోకూడదు. చిన్న టర్నోవరుకు రిజిస్ట్రేషనూ అక్కర్లేదు. కానీ వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే టర్నోవరు ఎంత తక్కువైనా మామూలుగా రిజిస్ట్రేషన్ తప్పదు. విశాఖ నుంచి చూస్తే హైదరాబాద్ వేరే రాష్ట్రం, బరంపురం వేరే రాష్ట్రం. తెలుగు మాట్లాడే కస్టమర్లలో ఎంతోమంది ఆ గీతకు అవతలే ఉన్నారు.

ఈ పేజీల్లో అమ్మే సరుకంతా ఇక్కడి బీరువాల్లోంచి వచ్చింది కాదు. విదేశీ లేబుల్‌తో ఉన్న కోట్లు, స్వెట్టర్ల వెనక ఇంకో కథ ఉంది. తొడుక్కోవడానికి పనికొచ్చే పాత బట్టలు మన దేశంలోకి తేవాలంటే కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం డీజీఎఫ్‌టీ లైసెన్సు కావాలి. మళ్లీ తొడగడానికి వీల్లేకుండా కోసేసిన గుడ్డలకు ఆ అడ్డు లేదు. గుజరాత్‌లోని కాండ్లా ప్రత్యేక ఆర్థిక మండలిలో అనుమతి ఉన్న యూనిట్లు కంటైనర్లను విప్పి, ఏరి, గ్రేడులు కట్టి చాలా సరుకును ఆఫ్రికా దేశాలకు తిరిగి పంపుతాయి. కోసిన ఉన్ని బట్టలు హర్యానాలోని పానిపట్‌కు పోయి, రంగుల వారీగా విడిపోయి, దారమై, చవక దుప్పట్లవుతాయి. ఈ లైసెన్సు నియమం ఉద్దేశం దేశంలోని మిల్లులకు, నేతవాళ్లకు పోటీ రాకుండా చూడటం. రువాండా ఇదే ఉద్దేశంతో పాత బట్టల మీద సుంకం పెంచితే 2018లో అమెరికా ఆ దేశపు దుస్తులకు ఇచ్చిన సుంకం మినహాయింపును ఆపేసింది. ఒకరి ఇంటి పాత చొక్కా ఇంకో దేశానికి వాణిజ్య తగాదా అవుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

కొత్తదే చవకైతే?

పాత బట్టకు అసలు పోటీ ఎక్కడుందో చూడాలంటే ఆషాఢంలో విశాఖ మాల్స్‌కు వెళ్లాలి. కొత్త చీరలను కిలోల లెక్కన అమ్మే ఆఫర్లు కూడా వస్తాయి. మిగతా పదకొండు నెలలూ జూడియో లాంటి దుకాణాలున్నాయి. అక్కడ బట్టలన్నీ వెయ్యి రూపాయల లోపే, టీషర్టులైతే రెండు మూడు వందల్లోనే. పాత టీషర్టుకు అంతే పెట్టమంటే ఎవరు పెడతారు? అందువల్ల థ్రిఫ్ట్ పేజీల్లో నిలబడేవి కోట్లు, మంచి జీన్సు, బ్రాండ్ చొక్కాలు, పట్టుచీరలు. కొత్తగా కొంటే వేలు అయ్యే సరుకు అన్నమాట. రోజువారీ బట్టల్లో పాతది గెలిచే అవకాశం రోజురోజుకూ తగ్గుతోంది.

పర్యావరణం లెక్క ఇక్కడే తేలుతుంది. ఒక కాటన్ టీషర్టుకు పత్తి చేను నుంచి అద్దకం దాకా సుమారు 2,700 లీటర్ల నీళ్లు పడతాయని ప్రకృతి పరిరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అంచనా. పాతది కొని కొత్తది మానుకుంటేనే ఆ నీళ్లు మిగిలినట్టు. పాతది చవగ్గా దొరికిందని అదనంగా కొంటే, లేదా పాతవి అమ్మిన డబ్బుతో కొత్తవి రెండు కొంటే ఏమీ మిగలలేదు, కొరియర్ బండి తిరిగిన డీజిల్ మాత్రం ఖర్చయింది. ‘ఎలాగూ అమ్మేయొచ్చు’ అన్న ధీమా కొత్త కొనుగోళ్లను పెంచే ప్రమాదమూ ఉంది. ప్రపంచ కర్బన ఉద్గారాల్లో ఫ్యాషన్ వాటా 2 నుంచి 8 శాతం దాకా ఉంటుందని ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం చెబుతోంది. 2 ఎక్కడ, 8 ఎక్కడ? ఈ రంగంలో లెక్కలు ఎంత పచ్చిగా ఉన్నాయో ఆ తేడాయే చెబుతుంది. కాబట్టి ‘ఈ చొక్కా కొంటే ఇన్ని కిలోల కార్బన్ ఆదా’ అని గ్రాములతో సహా రాసే పోస్టులను కాస్త అనుమానంగానే చూడాలి.

ఎవరిదో విడిచిన బట్ట

మనవాళ్లు పాత బట్ట తొడగరన్నది సగం నిజం. ఇంట్లో అక్క పరికిణీ చెల్లికి, అన్న చొక్కా తమ్ముడికి దిగడంలో ఎవరికీ అభ్యంతరం లేదు. అమ్మ పట్టుచీరను లంగా ఓణీగా కుట్టిస్తే అది మురిపెం. రిసెప్షన్‌కు షేర్వానీ, లెహంగా, స్కూలు వార్షికోత్సవానికి కృష్ణుడి వేషం, డాన్సు పోటీకి కూచిపూడి దుస్తులు అద్దెకు తెస్తాం. అంతకుముందు ఎంతమంది తొడిగారో అడగం. అభ్యంతరం వచ్చేది ‘ఎవరిదో’ అనగానే. కొంత మడి, మైల భావన, కొంత చనిపోయినవాళ్ల బట్టేమో అన్న భయం, అంతకన్నా ఎక్కువగా హోదా. మన దగ్గర విడిచిన బట్ట ఎప్పుడూ పై నుంచి కిందికే పోయింది. యజమానురాలి నుంచి ఇంట్లో పనిచేసే ఆమెకు, ఇళ్లలో బట్టలుతికే కుటుంబానికి. పుచ్చుకోవడమంటే తక్కువ కావడం అన్న లెక్క అందులో ఉంది.

అందుకే థ్రిఫ్ట్ కొనుగోలు గురించి గొప్పగా చెప్పుకోగలిగేది కొత్తది కొనే స్తోమత ఉన్నవాళ్లు. బీచ్ రోడ్డులో పాత కోటు తొడిగి ఫోటో దిగిన విద్యార్థి దాన్ని స్టోరీలో పెడతాడు. సంతలో పాత చొక్కా కొన్న తాపీమేస్త్రీ ఆ సంగతి బంధువుల దగ్గర ఎత్తడు. ఇద్దరూ చేసింది ఒకే పని, మేస్త్రీది పర్యావరణానికి ఇంకా మేలైన పని, ఎందుకంటే అతను కొన్నది తప్పకుండా కొత్త చొక్కా బదులే. యువతరం మోజు వల్ల ఈ సిగ్గు కాస్త తగ్గితే అది థ్రిఫ్ట్ పేజీలు చేసిన నిజమైన మేలు. శుభ్రత గురించిన భయానికి మాత్రం మందు సులువు. గజ్జి పురుగు మనిషి ఒంటి మీద కాకుండా రెండు మూడు రోజులకు మించి బతకదు. వేడినీళ్లలో ఉతికి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేస్తే సరిపోతుంది. విశాఖలో ఎండకు కొదవ లేదు.

దానం చేస్తే పోయిందనుకోవడం ఇంకో భ్రమ. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి దేశం నలుమూలల నుంచి వచ్చిన పాత బట్టలు రోడ్ల పక్కన గుట్టలుగా పడి తడిశాయి. చేపలు పట్టుకునేవాళ్లకు చిరిగిన చొక్కాలు, వాళ్లు తొడగని రకం బట్టలు ఎందుకు? ఆ గుట్టలను ఏరి వాడకంలోకి తెచ్చే పని చేసిన సంస్థల్లో గూంజ్ ఒకటి. 1999లో దాన్ని స్థాపించిన అంశు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. గూంజ్ పద్ధతిలో బట్ట ఉచితం కాదు. ఊళ్లో బావి తవ్వుకున్నా, రోడ్డు బాగుచేసుకున్నా ఆ పనికి ప్రతిఫలంగా ఇస్తారు. తొడగడానికి పనికిరాని నూలుగుడ్డతో నెలసరి ప్యాడ్లు కుడతారు. దానం అనే మాటలో ఉన్న ఎచ్చుతగ్గులను తీసేయడం దాని గొప్ప.

చెత్తబండిలో పడ్డాక

ఫ్యాషన్ ఫర్ గుడ్ సంస్థ 2022 నివేదిక ప్రకారం భారతదేశంలో ఏటా పోగయ్యే బట్టల వ్యర్థాలు దాదాపు 78 లక్షల టన్నులు. అందులో ఇళ్ల నుంచి వచ్చేది 51 శాతం, ఫ్యాక్టరీల్లో మిగిలేది 42 శాతం, దిగుమతి 7 శాతం. ఫ్యాక్టరీ వాటా చూస్తే విశాఖ దగ్గరి అచ్యుతాపురం గుర్తుకు రావాలి. అక్కడ వెయ్యి ఎకరాల్లో ఉన్న బ్రాండిక్స్ అపారెల్ సిటీలో చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు వేల సంఖ్యలో పనిచేస్తూ విదేశీ బ్రాండ్లకు లోదుస్తులు, టీషర్టులు కుడతారు. ఎక్కడ బట్ట కత్తిరించినా ముక్కలు మిగులుతాయి. అయితే ఫ్యాక్టరీ ముక్కకు ఒక సుగుణం ఉంది. అది ఏ దారమో, ఏ రంగో కొనేవాడికి ముందే తెలుసు, మురికి లేదు, ఒకేచోట కుప్పగా దొరుకుతుంది. ఇంటి నుంచి వచ్చే బట్టకు ఈ మూడూ లేవు.

ఇంటి బట్ట సామాన్ల బుట్టలోకి పోకపోతే చెత్తబండిలోకి పోతుంది. తడి చెత్తకు, పొడి చెత్తకు డబ్బాలున్నాయి, బట్టకు విడిగా లేదు. పులుసు, పెరుగు అంటిన బట్టను ఏ ఏరేవాడూ ముట్టుకోడు. అది కాపులుప్పాడ యార్డుకు చేరుతుంది, కొంత అక్కడి కరెంటు ప్లాంటులో మండుతుంది. బండికీ అందనిది గెడ్డల్లో (వాన నీటి కాలువల్లో) పడి ప్లాస్టిక్ సంచులతో పెనవేసుకుని వాన వచ్చినప్పుడు నీటికి అడ్డం పడుతుంది. పారేయకముందే జరిగే నష్టం వేరు. సముద్రాల్లోకి చేరే ప్రాథమిక మైక్రోప్లాస్టిక్‌లో (సన్నటి రేణువులుగానే చేరే ప్లాస్టిక్‌లో) 35 శాతం సింథటిక్ బట్టలు ఉతకడం వల్లేనని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ 2017లో అంచనా వేసింది. సముద్రం పక్క ఊరికి ఇది దూరపు వార్త కాదు.

యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి 1 నుంచి బట్టల చెత్తను విడిగా సేకరించడం తప్పనిసరైంది. మన దగ్గర 2023 మే, జూన్‌లలో కేంద్ర ప్రభుత్వం నడిపిన ‘మేరీ లైఫ్, మేరా స్వచ్ఛ్ షెహర్’ కార్యక్రమంలో పట్టణాల్లో పాత బట్టలు, పుస్తకాలు ఇచ్చే ఆర్ఆర్ఆర్ (రెడ్యూస్, రీయూజ్, రీసైకిల్) కేంద్రాలు తెరిచారు. ఆలోచన బాగుంది. కానీ అలాంటి కేంద్రం దాకా మూట మోసుకెళ్లేవాళ్లు ఎందరు? బట్ట పొడిగా, విడిగా ఇంటి గుమ్మం దగ్గరే చేతులు మారాలి. ఆ పని ఎప్పటినుంచో చేస్తున్నది సామాన్ల ఆడవాళ్లే. కార్పొరేషన్ ఈ ఆడవాళ్లకు గుర్తింపు కార్డు, వార్డుకో షెడ్డు, మూట కట్టే మిషన్ ఇస్తే కొత్త వ్యవస్థ కట్టాల్సిన అవసరమే సగం తగ్గుతుంది. ఇప్పుడైతే చాలా అపార్ట్‌మెంట్లలో వాచ్‌మన్ వాళ్లను గేటు దాటనివ్వడం లేదు.

చిన్నగా మొదలుపెట్టదగిన పనులూ ఉన్నాయి. చీరకు సైజు గొడవ లేదు కాబట్టి చేతులు మారడానికి దాన్ని మించిన బట్ట లేదు. చిక్కల్లా బ్లౌజుతోనే, దానికి వీధి చివరి టైలరు చాలు. స్కూలు యూనిఫాం ఇంకా తేలిక. ఒకే బడి, ఒకే రంగు, పిల్లలు ఏడాదికోసారి ఎదుగుతారు, బట్ట చిరగకముందే పొట్టిదవుతుంది. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో జూన్ నెలలో ఈ ఇచ్చిపుచ్చుకోవడం డబ్బు లేకుండానే జరిగిపోతుంది. రెండేళ్లకోసారి యూనిఫాం రంగు మార్చి, ఫలానా షాపులోనే కొనమనే బళ్లలో మాత్రం అది కుదరదు.